జానీ పాషా కత్తి కింద ఏడు కోళ్లు

జానీ పాషా కుడి మణికట్టు విరిగినప్పుడు నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. గడ్డపార ఎత్తినవాడు సిద్ధయ్య. ఇద్దరికీ ముప్పై ఏళ్ల దోస్తీ. ఎముక విరిగిన చప్పుడు నాకు కొత్త కాదు. పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేసి రిటైరైన మనిషిని, ఎద్దుల కాళ్లు ఎన్ని కట్టానో గుర్తు లేదు. అయినా దీన్ని మాత్రం మరిచిపోలేను. ఆ దెబ్బలో నా వాటా ఉంది మరి.

ఇప్పుడు ఏ ఊరివాళ్లూ జానీ పాషాను కోతకు పిలవడం లేదు. సిద్దిపేట హోటళ్లలో కూర్చుని ఆ రోజు సంగతి తలా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. ముసలాడికి మతి పోయిందని ఒకడు, కోళ్ల కంపెనీ దగ్గర ముడుపు తిన్నాడని ఇంకొకడు. వినీ వినీ ఒళ్లు మండి ఇది రాస్తున్నాను. ఆ మాటలనేవాళ్లలో సగం మంది కోడి కాలు చీకుతూనే అంటారు.

జానీ పాషాకు యాభై తొమ్మిదేళ్లు. పాత బస్టాండు వెనక సందులో రెండు గదుల ఇల్లు. భార్య రబియాబీ బట్టలు కుడుతుంది. తండ్రి సైకిల్ మీద ఊళ్లు తిరిగి చేసిన పనే ఇతను టీవీఎస్ మీద తిరిగి చేశాడు. నంగునూరు, మద్దూరు, దౌల్తాబాద్ వైపు ఎక్కడ పెళ్లయినా, పుట్టెంటికలు తీసినా, యాటను, అంటే మేకపోతునో పొట్టేలునో, కోయడానికి ఇతన్నే పిలిచేవాళ్లు. ఇల్లు హిందువులదైనా సరే. దేవతకిచ్చే యాట సంగతి వేరు, దాన్ని ఒక్క వేటుకు నరుకుతారు. దావత్ యాట మాత్రం జానీ పాషా చేతనే కోయించాలి. అప్పుడే ఊళ్లోని ముస్లిం దోస్తులు కూడా వచ్చి అదే బంతిలో కూర్చుని తింటారు. గౌడ్ల పక్కన దూదేకులవాళ్లు, వాళ్ల పక్కన కాపులు, అందరి విస్తట్లో ఒకే కూర. మన దగ్గర ఎవరూ దీని గురించి ఉపన్యాసాలు చెప్పరు. యాట కొన్నాక ముందు పాషాకు ఫోన్ చేస్తారు, అంతే.

అతని పద్ధతులు చూస్తే నాకు విసుగొచ్చేది. యాట ముందు కత్తి నూరడు. ఒకదాన్ని ఇంకొకదాని కళ్ల ముందు కోయడు. దోసిట్లో నీళ్లు పట్టి తాగిస్తాడు, అది తాగేదాకా గొంతుక్కూర్చుంటాడు. కోశాక కాళ్లు కొట్టుకోవడం ఆగి, ఒళ్లు చల్లబడేదాకా ఎవరినీ చెయ్యి వేయనివ్వడు. ఇంటి దగ్గర కత్తి నూరుతుంటే, "పెండ్లిపిల్లను ముస్తాబు జేస్తున్నవా?" అని రబియాబీ ఎగతాళి చేసేది. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. బతికున్నదాన్నే కోస్తాడు. దానంతటది చచ్చినదాని మీద కత్తి పెడితే అది మురుదార్, తినరానిది. తినేవాడికి ఆ సంగతి తెలియదు కాబట్టి పాపం కోసినవాడిదే అంటాడు. చచ్చి నిమిషమైతే మాత్రం మాంసం మారిపోతుందా అని నేను చాలాసార్లు వెక్కిరించాను. అతను నవ్వేవాడు.

సిద్ధయ్యది నంగునూరు దగ్గరి పల్లె. రెండెకరాల చెలకలో బోర్లు ఎండిపోతే కోళ్ల షెడ్డు వేశాడు. కోడిపిల్లల్ని కంపెనీ దింపుతుంది, దాణా కంపెనీదే, మందులు కంపెనీవే. షెడ్డు, కరెంటు, రెక్కల కష్టం సిద్ధయ్యవి. బతికిన కోడి కంపెనీది, చచ్చిన కోడి సిద్ధయ్యది. ఇది నేను కల్పించిన మాట కాదు, అతను సంతకం పెట్టిన కాగితంలోని మాటే, కాకపోతే అందులో ఇంగ్లీషులో ఉంటుంది.

ఆ కోడిని మీరు పళ్లెంలో చూస్తారు. నేను షెడ్డులో చూశాను. నలభై రోజుల్లో రెండున్నర కిలోలు. ఛాతీ పెరిగినంత వేగంగా కాళ్లు పెరగవు, అందుకని నిలబడలేక ఊకలో కూలబడుతుంది. కూలబడ్డచోట రొమ్ము మీద ఈకలు రాలి పుండ్లు పడతాయి. లోపలికెళితే రెట్ట ఘాటుకు కళ్లు మండుతాయి. ఆ మే నెలలో రేటు పడిపోయిందని కంపెనీ కోళ్లను ఎత్తకుండా ఇంకో ఎనిమిది రోజులు వదిలేసింది. మూడు కిలోలు దాటాయి. మేతపాత్ర దాకా నడవలేనివాటికి పోచవ్వ, అంటే సిద్ధయ్య భార్య, దోసిట్లో దాణా పెట్టి తినిపించింది.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ఫ్యాన్లు ఆగాయి, నీటి తుంపర ఆగింది. జనరేటర్ ఇరవై నిమిషాలు తిరిగి పట్టేసింది. సిద్ధయ్య నాకు ఫోన్ చేశాడు.

"సారూ, జల్ది రాన్రి. కోళ్లు రాలుతున్నయి."

నేను వెళ్లేసరికి అతను గడ్డపారతో షెడ్డు గోడ పగలగొడుతున్నాడు, గాలి ఆడుతుందని. లోపల మూడు వేల పైచిలుకు కోళ్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. చల్లగా ఉంటుందని తడి మూలకు పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కిందివి నలిగి చస్తున్నాయి, పైవి ఉడికి చస్తున్నాయి. పోచవ్వ బకెట్లతో నీళ్లు చల్లుతోంది. ఆ వేడికి నీళ్లు ఆవిరై లోపల ఇంకా ఉక్క పెరిగింది. నేను వద్దని అరిస్తే ఆమె ఏడుస్తూ చల్లింది.

అప్పుడొచ్చాడు శైలేందర్. కంపెనీ సూపర్‌వైజర్, ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని గడపలోనే నిలబడ్డాడు.

"సచ్చినయి నాకు సంబంధం లేదు సిద్ధన్నా. కోసినయి ఎన్నున్నా తీస్కుంట. దౌల్తాబాద్‌ల ఉప్పలయ్య ఇంట్ల ఇయ్యాల రాత్రి దావత్ ఉన్నది, మనుమని పుట్టెంటికలు. ఎనభై కోళ్లు నన్నే అడిగిండు. మిగిలినయి హోటళ్లకు తోల్త. కాకపోతే ఉప్పలయ్య ఒక్కటే అన్నడు, పాషన్న కోస్తెనే దెమ్మని."

సిద్ధయ్య అక్కడి నుంచే జానీ పాషాకు ఫోన్ చేశాడు. అరగంటలో టీవీఎస్ వచ్చింది. షెడ్డు ముందు రేకుల పందిరి కింద నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టాం. పోచవ్వా నేనూ కోళ్లను తెచ్చి అందించాలి, అతను కోసి డ్రమ్ములో వేయాలి, అందులో అవి కొట్టుకుని ఆగుతాయి. శైలేందర్ మనిషి వాటిని తీసి కుప్ప వేస్తాడు.

మొదటి పది కోళ్లకు జానీ పాషా నీళ్లు పట్టాడు. ఒక్కోదాని ముక్కు మీద రెండు చుక్కలు, తర్వాత బిస్మిల్లా, తర్వాత కత్తి. "గిట్లయితె పొద్దుగూకుతది పాషన్నా" అని శైలేందర్ అరిచాడు. లోపల కోళ్ల కేకలు పెరుగుతున్నాయి. పదకొండో దానికి నీళ్లు మానేశాడు. తర్వాత ఒకదాని కళ్ల ముందు ఇంకొకటి తెగింది. తర్వాత మోకాలి కింద రెండేసి అదిమిపట్టి కోశాడు. నెత్తురు అతని మోచేతుల దాకా గడ్డకట్టింది, గడ్డంలో ఈకలు అంటుకున్నాయి. కోసినవి డ్రమ్ములో ఎగిరెగిరి పడుతున్నాయి. ఒకటి సగం తెగిన మెడతో బయటికి దూకి నా కాళ్ల చుట్టూ తిరిగి పడిపోయింది. అతని పెదాలు మాత్రం ఆగలేదు. ప్రతి మెడకూ ఆ మాట అంటూనే ఉన్నాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. షెడ్డులో నా చేతికి వచ్చిన ఒక కోడి చచ్చి ఉంది. మెడ వేలాడుతోంది, కంటి మీద రెప్ప తెల్లగా మూసుకుంది. నాకు తెలుసు. ముప్పై ఏళ్లు చేసిన పని, చేత్తో పట్టుకుంటే చాలు. అటు చూస్తే సిద్ధయ్య గోడను పొడిచి పొడిచి అరచేతులు చీరుకుపోయి ఉన్నాడు. ఒంట్లో వేడి ఇంకా పోలేదు కదా, నెత్తురు వస్తుంది కదా, పాపం సిద్ధయ్యకు ఒకటి మిగులుతుంది కదా అనుకున్నాను. బతికున్న దాన్ని పైన పెట్టి, చచ్చినదాన్ని కింద పెట్టి రెండూ కలిపి అందించాను. జానీ పాషా చూడలేదు. నా చేతుల్లోంచి వచ్చినదాన్ని ఎందుకు చూస్తాడు? అలా ఒకటి కాదు, ఏడు ఇచ్చాను. నాకు మతాల పట్టింపు లేదని, నాకు అన్నీ తెలుసని గర్వం. తెలియక కాదు, వేడికి చచ్చినదాన్ని ఎవరికీ పెట్టకూడదని నా ఉద్యోగమే నాకు నేర్పింది. ఆ రోజు అదీ పక్కన పెట్టాను.

ఎనభై నిండగానే మొదటి బండి వెళ్లిపోయింది. రెండో కుప్ప మొదలైంది. నూరో, నూటిరవయ్యో కోశాక జానీ పాషా చెయ్యి ఆగింది. ఆ కోడిని తెచ్చింది సిద్ధయ్య.

"ఇది సచ్చింది" అన్నాడు జానీ పాషా.

"లేదన్నా, గిప్పుడే రెక్క గొట్టింది. నేనే జూసిన."

"నెత్తురు జూడు. ఉరుకుతలేదు, జారుతున్నది. పక్కకు పెట్టు. బతికున్నయి తే."

సిద్ధయ్య లోపలికి వెళ్లి మళ్లీ రెండు తెచ్చాడు. రెండూ చచ్చినవే. జానీ పాషా వాటి కళ్లు తెరిచి చూసి నేల మీద పెట్టాడు. సిద్ధయ్య అతని కాళ్ల మీద పడ్డాడు.

"నీ కాల్మొక్త పాషన్నా. ఇయ్యాల ఒక్క దినం కండ్లు మూసుకో. షెడ్డు పోతది, జాగ పోతది. నేను ఏ మందో తాగి సస్త."

"నేను కండ్లు మూసుకుంటె తినెటోళ్లు ఎవల కండ్లతోని జూడాలె సిద్ధయ్యా? నా మీద ఇమానంతోని బంతిల కూసుంటరు. నీ పొట్ట కొట్టాలని లేదు నాకు. బతికున్నయి తే, పొద్దుగూకెదాంక కోస్త."

"బతికున్నయి యాడున్నయి?" అని అరిచాడు సిద్ధయ్య. లేచి, పందిరి గుంజకు చెక్కి ఉన్న కొబ్బరికాయల కత్తి లాగి, చచ్చిన కోళ్ల మెడలు తానే కోయడం మొదలుపెట్టాడు. కోసి కోసి జానీ పాషా కుప్ప మీదికే విసిరాడు. ఒకటి, ఐదు, పదిహేను. ఆ కత్తికి పదును లేదు. మెడలు తెగక నలిగాయి. శైలేందర్ నవ్వి, "ఎవలు కోస్తె ఏంది, పేరు పాషన్నదే ఉంటది. లోడ్ చెయ్యున్రి" అన్నాడు.

"నావి నాకు ఏరియ్యున్రి" అన్నాడు జానీ పాషా. "సారూ, మీరైనా చెప్పున్రి."

నేనేం చెప్తాను? కుప్ప వైపు తిరిగి చూశాను. ఏరడానికి ఏముంది, నెత్తుటి ముద్దలో ఏ కోడి ఎవరిదో బ్రహ్మకైనా తెలియదు.

జానీ పాషా కత్తిని నీళ్లలో కడిగాడు, తుడిచాడు, బండి డిక్కీలో పెట్టాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. జనరేటర్ పక్కన డీజిల్ డబ్బా ఉంది, నిండుగా. దాన్ని రెండు చేతులా ఎత్తి, వచ్చి, కుప్ప మీద పోశాడు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, అడుగుదాకా పోశాడు. తాను కోసిన కోళ్లు, సిద్ధయ్య కోసిన కోళ్లు అన్నీ నల్లగా మెరిశాయి. నెత్తురు వాసన మీద డీజిల్ వాసన లేచింది. పోచవ్వ నోట్లో కొంగు కుక్కుకుని నేల మీద కూలబడింది.

సిద్ధయ్య గడ్డపార తెచ్చాడు. మొదటి దెబ్బ డబ్బా మీద పడి అది ఎగిరిపోయింది. రెండోది తల మీదికి వస్తుంటే జానీ పాషా చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగి చెయ్యి వెనక్కి వాలింది. అతను అరవలేదు, ఊపిరి మాత్రం గట్టిగా లాగాడు. మూడో దెబ్బకు గడ్డపార లేచింది. పోచవ్వ వచ్చి మొగుడి ముంజేతిని పళ్లతో కొరికి పట్టుకుంది. గడ్డపార జారిపోయింది. సిద్ధయ్య ఆమెను కాలితో తన్ని, తాను పగలగొట్టిన గోడ దగ్గరికి పోయి ఇటుకలకు తల బాదుకున్నాడు. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారింది. నేనూ శైలేందర్ మనిషీ కలిసి పట్టుకుని కింద పడేస్తే గాని ఆగలేదు. అప్పటికి షెడ్డులో కేకలు దాదాపు ఆగిపోయాయి. శైలేందర్ ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరం చూడలేదు.

పోచవ్వ తన కొంగు చింపి జానీ పాషా చెయ్యి కట్టింది. ఆటో మాట్లాడి నేను అతన్ని సిద్దిపేట దవాఖానకు తీసుకెళ్లాను.  ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగితే, "బండి మీదికెళ్లి పడ్డ మేడం" అన్నాడు. ఒంటి నిండా కోడి నెత్తురు, డీజిల్ కంపు. ఆమె నమ్మలేదు. అతను ఆ మాటే మూడుసార్లు చెప్పాడు. ఎక్స్‌రే తీసి పట్టీ వేశారు. వేళ్లు మునుపటిలా కత్తి పట్టుకోవని ఆమె నన్ను బయటికి పిలిచి చెప్పింది.

రబియాబీ వచ్చింది. మొగుణ్ని చూసి, అతని గడ్డంలోని ఈకలు ఒక్కొక్కటే ఏరింది. రాత్రి ఎనిమిది దాటింది. జానీ పాషా మంచం మీద లేచి కూర్చుని నా వైపు చూశాడు.

"సారూ, రెండో కుప్ప పోయింది. దాని ఫికర్ లేదు. మొదటి బండి ఉప్పలయ్య ఇంటికి పోయింది. అప్పుడు నేను మెడలే జూసిన, కండ్లు జూడలే. అందిచ్చింది మీరు. దాంట్ల సచ్చినయి ఏమన్న ఉన్నయా?"

 లేవంటే సరిపోతుంది. నా మాట అతనికి ముప్పై ఏళ్లుగా వేదం. లేవంటే అతను నిద్రపోతాడు, దౌల్తాబాద్‌లో దావత్ జరిగిపోతుంది, లోకం ఎప్పటిలా తింటుంది. నోరు తెరిచాను. ఆ కళ్లు చూస్తూ అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"ఏడు కోళ్లున్నయి పాషా" అన్నాను. "తెలిసే ఇచ్చిన."

ఎడమచేత్తో నా చెంప మీద కొట్టాడు. కళ్లద్దాలు ఎగిరి మంచం కింద పడ్డాయి. జన్మలో మనిషి మీద చెయ్యి ఎత్తినవాడు కాదు. పక్క మంచాలవాళ్లు లేచి చూశారు. నేను చెంప పట్టుకుని అక్కడే నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఫోన్ దియ్యి" అన్నాడు భార్యతో. "ఉప్పలయ్యకు కలుపు. గట్టిగ పెట్టు, ఇనపడాలె."

రబియాబీ ఫోన్ అతని మొహం ముందు పట్టుకుంది. అటువైపు డప్పులు, గిన్నెల చప్పుడు.

"పాషన్నా, యాడున్నవ్? నీ కోసమే జూస్తున్నం" అన్నాడు ఉప్పలయ్య హుషారుగా.

"వడ్డించిన్రా?"

"మొదటి బంతి తిని లేసింది. రెండోది కూసున్నది."

జానీ పాషా కళ్లు మూసుకుని తెరిచాడు. "ఆపు. మైకు ఉన్నది గదా గాడ? ఫోను మైకు కాడ పెట్టు. నేను అందరితోని మాట్లాడాలె."

ఉప్పలయ్యకు అర్థం కాలేదు, అయినా పెట్టాడు. డప్పులు ఆగాయి.

"నేను సిద్దిపేట జానీ పాషాను. ఇయ్యాల మీకొచ్చిన కోళ్లల్ల ఏడు మురుదార్. సచ్చినంక కోసిన. ఏ గిన్నెల ఉన్నయో నాకెరుక లేదు. కూసున్నోళ్లు లేవున్రి. తిన్నోళ్లు నన్ను మాఫ్ చెయ్యున్రి."

 ఒక్కసారిగా గోల లేచింది. ఎవడో తల్లిని పెట్టి తిట్టాడు. గిన్నె బోర్లించిన చప్పుడైంది. ఎవరో కక్కుతున్నారు. రబియాబీ ఫోన్ పక్కకు తీయబోతే అతను తలాడించి వద్దన్నాడు. తిట్లన్నీ విన్నాడు.

చివరికి ఉప్పలయ్య మళ్లీ ఫోన్ తీసుకున్నాడు.  "నా ఇంటికొచ్చినోళ్లకు గిట్ల జేస్తివేంది పాషన్నా. నువ్వు జేసెటోనివి కాదు. ఎవలందిచ్చిన్రు నీకు? సిద్ధయ్యనా?"

జానీ పాషా నా వైపు చూశాడు.

"ఎవలందిస్తె ఏంది. కత్తి నాది, కోసింది నేను" అన్నాడు.

ఫోన్ రబియాబీ చేతిలో, నాకు జానెడు దూరంలో ఉంది. చెయ్యి చాపి నా పేరు చెప్పొచ్చు. ఉప్పలయ్య ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. నేను వంగి మంచం కింద కళ్లద్దాలు వెతుక్కున్నాను.